వినపడని వైపు

"రిపేరు చేసి ఇచ్చారా, పగబట్టి ఇచ్చారా?"

కుట్టుమిషన్ని కౌంటరు మీద దించుతూ ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట అది. వెనక బల్ల దగ్గర కూర్చున్న మెకానిక్ తలెత్తి చూశాడు. మిషను మోసుకొచ్చిన ఆయాసం, చెదిరిన జుట్టు, ముక్కు మీద చెమట. ఆ చెమట పక్కనే కోపం.

"ఏమైందండీ?"

"మా అక్క తొక్కడం మొదలుపెడితే పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఇంట్లో ఎవరైనా కొట్టుకుంటున్నారా అని అడిగారు."

తిట్టింది గాని గొంతు మాత్రం పెంచలేదు. అంత నెమ్మదిగా తిట్టేవాళ్ళని అతను అంతవరకు చూడలేదు. ఆమె మాట అందుకోవడానికి కౌంటరు మీదికి వంగాల్సి వచ్చింది.

మిషను మీద కుడి చెవి ఆనించి, చక్రం మెల్లగా తిప్పాడు. కళ్ళు మూసుకున్నాడు.

"డాక్టరు గారూ, బతుకుతుందా?" అంది.

"బతుకుతుంది. ఒక సూది చాలు." వంగిపోయిన సూది తీసి చూపించాడు. "మీరేం చేస్తుంటారు?"

"లైబ్రరీలో పనిచేస్తాను."

"అదీ సంగతి! తిట్టడం కూడా పక్కవాళ్ళ చదువు చెడకుండా తిట్టారు."

ఆమె నవ్వాపుకోవడానికి మిషను మూత వైపు చూసింది. అయినా నవ్వు ఆగలేదు.

మర్నాడు సాయంత్రం అతను షాపు మూసి వస్తుంటే వీధి మలుపులో ఆమే ముందు నడుస్తూ కనిపించింది. బేకరీ దాటాక ఒకసారి వెనక్కి చూసింది. ప్రెస్సు దాటాక ఇంకోసారి చూసింది. బడి గోడ దగ్గర ఆగిపోయింది.

"ఫాలో అవుతున్నారా?"

"మా ఇల్లు ఇటే అండీ. నేను పుట్టకముందు నుంచీ ఇటే ఉంది."

అలా మొదలైంది. వారం తిరిగేసరికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. అతను 'డాక్టరు' అయ్యాడు, ఆమె 'లైబ్రరీ' అయింది. రోజూ ఆరింటికి మలుపులో ఎవరు ముందొస్తే వాళ్ళు ఆగేవాళ్ళు. రోడ్డు వైపు అతను, గోడ వైపు ఆమె. ఆడపిల్లని బళ్ళ వైపు నడవనివ్వకూడదని చిన్నప్పుడు అమ్మ నేర్పిన మర్యాద అది.

ఆ ఊళ్ళో అతనికి అన్నిటికన్నా ఇష్టమైన దారి అదే. అమ్మ చెయ్యి పట్టుకుని బడికెళ్ళిన దారి. షాపున్న మిషన్ల వీధి దాటగానే బేకరీ, సాయంత్రం పూట ట్రేలు బయటికి లాగే గరగర. తర్వాత ప్రింటింగ్ ప్రెస్సు. దాని దరువుకి అడుగులు కలిపి నడవడం చిన్ననాటి ఆట. ఆ పైన బడి ప్రహరీ, దాని మీద చేరే పిచ్చుకల గోల. రైలు పట్టాల మీద ఇనప వంతెన. అది దిగితే ఏటి గట్టు. గట్టు చివర దారి రెండుగా చీలుతుంది. ఎడమ వీధిలో ఆమె ఇల్లు, కుడి వీధిలో అతనిది. కళ్ళు మూసుకుని నడిచినా ఎక్కడున్నాడో చెప్పగలడు.

చెప్పగలిగేవాడు, అనాలి.

ముందు పిచ్చుకలు పోయాయి. గోడ మీద లేవేమో అనుకుని ఒకరోజు తలెత్తి చూశాడు. ఉన్నాయి. ముక్కులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. చప్పుడు మాత్రం లేదు. తర్వాత బేకరీ ట్రేలు పోయాయి. ప్రెస్సు నడుస్తోందని పాదాల కింద అదురుతో తెలుసుకోవాల్సి వచ్చింది.

ఆమె పరిచయమైన రెండు నెలలకి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. నిజం డాక్టరు దగ్గరికి.

"ఎడమ చెవి పోయినట్టే. నరం పనిచెయ్యడం లేదు. చెవి మిషను పెట్టినా లాభం ఉండదు," అన్నాడాయన.

"కుడిది?"

"దానికీ మొదలైంది. ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను."

ఆ సాయంత్రం ఆమెకి చెప్పేద్దామనే మలుపు దగ్గరికి వెళ్ళాడు. ఆమె ఎదురొచ్చి, "ఏంటి డాక్టరూ, పేషెంటు పోయినట్టు ఆ మొహం?" అంది. ఎదురుగా నిలబడి అంది కాబట్టి పెదవుల మీద పట్టుకోగలిగాడు. ఆ నవ్వు మొహం చూశాక నోరు పెగల్లేదు. రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు ఆరు నెలలైనా రాలేదు.

నడిచేటప్పుడు ఆమె అతని ఎడమ పక్కన ఉండేది. ఎడమ చెవిలో ఏమీ లేదు. కుడి చెవిలో బళ్ళ రొద. మధ్యమధ్య ఆమె ఇటు తిరిగితే నాలుగు మాటలు దొరికేవి. తక్కినవన్నీ గోడ పాలు. వైపు మారితే ఎందుకని అడుగుతుంది. ఏమన్నావని రెండుసార్లు అడిగితే కనిపెట్టేస్తుంది. అందుకని మూడు మాటలు దాచుకున్నాడు. అవునా, నిజమే, అంతేగా మరి. ఒక చిరునవ్వు జోడించి, ఆమె ఊపిరి తీసుకున్న చోటల్లా వాటిల్లో ఒకటి వాడేవాడు. ఆమె చేతులు తిప్పుతూ, కళ్ళు పెద్దవి చేస్తూ ఏవేవో చెప్పేది. అతనికి ఆ చేతులు చాలు, ఆ కళ్ళు చాలు. చాలనుకున్నాడు.

ఒకరోజు మబ్బు పట్టింది. వంతెన మీదకి వచ్చేసరికి కింద రైలు పోతోంది. ఆమె రెయిలింగు పట్టుకుని ఆగింది. పట్టాల వైపు చూస్తూ ఏదో అంది. కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. చలేమో అనుకున్నాడు. చివర ఎక్కడో 'నడుస్తావా' అన్న ముక్క అందింది.

"వానొచ్చేలా ఉంది. తొందరగా పోదాం పద," అన్నాడు.

ఆమె అతని మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత గట్టు పొడుగునా రెండడుగులు ముందే నడిచింది. దారి చీలే చోట తల వంచుకుని ఏదో అడిగింది. చినుకులు మొదలయ్యాయి.

అతను నవ్వాడు. "అంతేగా మరి," అన్నాడు.

మర్నాడు ఆమె రాలేదు. ఆ మర్నాడు కూడా రాలేదు. నాలుగోరోజు లైబ్రరీ ఎదురుగా చెట్టు కింద నిలబడ్డాడు. ఆమె పక్క గేటులోంచి బయటికొచ్చి, అతన్ని చూసి, బస్సెక్కి వెళ్ళిపోయింది. నడిచే దూరానికి బస్సు.

తెలిసిపోయింది, అనుకున్నాడు. చెవిటివాడని కనిపెట్టేసింది. వెళ్ళి అడగడానికి ఇంకేముంది? తను దాచాడు, ఆమె కనుక్కుంది, దూరంగా జరిగింది. ఆమె స్థానంలో ఎవరున్నా అంతే చేస్తారని తనకు తనే తీర్పు చెప్పుకున్నాడు.

అయినా రోజూ ఆరింటికి ఆ దారినే నడిచాడు. ఇంకో దారి అతనికి రాదు. ఎడమ పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నడిచేవాడు. ఎదురొచ్చేవాళ్ళు ఆ ఖాళీలోంచి దూరి వెళ్ళిపోతుంటే ఉలిక్కిపడేవాడు. బేకరీ, ప్రెస్సు, బడి గోడ అన్నీ అక్కడే ఉన్నాయి, అద్దం వెనక పెట్టినట్టు. ఊరు తనని బయటికి నెట్టేసి తలుపు వేసుకుంటోందనిపించేది. ఆ తలుపు చప్పుడు కూడా తనకి వినపడదు.

మూడో వారంలో షాపు యజమాని, అతని మేనమామ, ఒక మిషను తెచ్చి బల్ల మీద పెట్టాడు. అతనికి అక్షరాలు దిద్దించినట్టు పని నేర్పింది ఆయనే.

"టైలరు వెనక్కి పంపాడ్రా. ఈ నెల్లో ఇది నాలుగోది. కింద షటిలు టకటకా కొట్టుకుంటోంది, వినపడ్డంలా?"

అతను చక్రం తిప్పి, కుడి చెవి ఆనించాడు.

"నిన్నేరా! వినపడ్డంలా?"

"లేదు మావయ్యా," అన్నాడు. "నిజంగానే వినపడ్డంలేదు."

మావయ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అంతా విన్నాక చాలాసేపు స్క్రూడ్రైవరుతో బల్ల మీద గీతలు గీశాడు. "మీ తాతకీ ఇంతే," అన్నాడు చివరికి. "చివరి పదేళ్ళూ ఎవరితోనూ మాట్లాడలేదు. మేం పొగరనుకున్నాం." లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాడు.

ఆ శనివారమే ఆమె అక్క షాపుకి వచ్చింది. దారం చుట్టే బాబిన్లు కావాలంది. ఇచ్చాడు. తీసుకుని కదల్లేదు.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. మా చెల్లి నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చుగా?"

అతను ఆమె పెదవుల వంకే చూస్తున్నాడు. తప్పు చదివానేమో అనుకున్నాడు. "ఏంటక్కా?"

"ఏంటంటావేం? ఆడపిల్ల సిగ్గు విడిచి, జీవితాంతం నాతో ఇలాగే నడుస్తావా అని అడిగితే వానొస్తోంది పద అంటావా? పోనీ అక్కడితో ఆగావా? అయితే రేపట్నుంచి నేను రానక్కర్లేదా అంటే, నవ్వుతూ అంతేగా మరి అన్నావట! అదేం నవ్వయ్యా?"

చేతిలో నూనె డబ్బా కింద పడింది. పడడం చూశాడు గాని చప్పుడు తెలియలేదు.

"ట్రాన్స్‌ఫర్ అడిగి పుచ్చుకుంది," అంది అక్క. "సోమవారం వేరే ఊరు వెళ్ళిపోతోంది. నీ ఊసు లేకుండా ఉండాలని."

అతను నూనె చేతులతోనే లైబ్రరీ వైపు పరుగెత్తాడు.

చదువుకునే గది నిండా జనం. ఆమె చివరి బల్ల దగ్గర పుస్తకాల వరస చూసుకుంటోంది. అతను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"నువ్వడిగింది నాకు వినపళ్ళేదు!"

మెల్లగానే అన్నాననుకున్నాడు. గదిలో ప్రతి తలా పైకి లేచింది. ఒక పెద్దాయన కళ్ళజోడు తీశాడు. ఆమె మొహం ఎర్రబడింది.

"నాకు చెముడు! ఎడమ చెవి అసలు లేదు! నిన్ను కాదనలేదు నేను, నువ్వేమన్నావో నాకు తెలీదు!"

పెద్దాయన వేలు పెదవుల మీద పెట్టుకోబోయి, మానేసి, మళ్ళీ పుస్తకంలోకి తల దించుకున్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని వెనక మెట్ల మీదికి లాక్కుపోయింది. ఎదురుగా నిలబడి, తన పెదవుల మీద వేలు పెట్టి చూపించింది. వీటిని చూడు, అన్నట్టు.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు పరిచయం కాకముందు నుంచీ."

"ఎనిమిది నెలలు నీతో నడిచాను. నేను చెప్పినవాట్లో ఎంత విన్నావు?"

అబద్ధం చెప్పే ఓపిక అతనికి లేదు. "సగం. సగం కూడా ఉండదేమో."

"ఏ సగం?"

"తెలీదు."

ఆమె మెట్టు మీద కూలబడింది. అతనూ కింది మెట్టు మీద ఆమెకేసి తిరిగి కూర్చున్నాడు. ఆమె తలెత్తింది.

"మా అమ్మ పోయిన రోజు సంగతి చెప్పాను. అక్కకి కూడా చెప్పనిది. ఆస్పత్రిలో అమ్మ పిలుస్తుంటే నేను నిద్రపోయానని. అది విని నువ్వు నవ్వి, నిజమే అన్నావు." మెట్టు అంచు గట్టిగా పట్టుకుంది. "తమాషాగా ఓదారుస్తున్నావనుకున్నాను. ఇంటికెళ్ళి రాత్రంతా నీ తరఫున నేనే సర్దిచెప్పుకున్నాను. తెలుసా?"

అతనికి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. తను దాచింది చెవుడొక్కటే అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

"వెళ్ళిపో లైబ్రరీ," అన్నాడు. "సోమవారం బస్సెక్కు. రెండో చెవి కూడా పోతుందన్నాడు డాక్టరు. నువ్వు గోడతో కాపురం చెయ్యలేవు."

"బస్సెక్కుతాను. ఆర్డరు వచ్చేసింది, ఆర్నెల్ల దాకా మారదు." కళ్ళు తుడుచుకుంది. "కోపం కూడా తగ్గదు, ఇప్పట్లో. నువ్వు చెవిటివాడివని కాదు. నాకు చెప్పలేదని. నేను పారిపోతాననుకున్నావుగా?"

"అనుకున్నాను."

"ఎవరడిగారు నిన్ను అనుకోమని? నా బదులు నువ్వే అడిగి, నా బదులు నువ్వే కాదనుకున్నావు. నన్నొక్క మాట అడగాలనిపించలేదా?"

అతను దాచుకున్న మూడు మాటల్లో ఏదీ ఇక్కడ పనికిరాదు.

కిటికీలోంచి లోపల దీపాలు ఒక్కొక్కటే ఆరిపోవడం కనిపించింది. వాచ్‌మన్ తలుపు దగ్గరికి వచ్చి, వాళ్ళిద్దర్నీ చూసి, తాళంచెవి జేబులో వేసుకుని అవతలికి వెళ్ళిపోయాడు. ఆమె ఒక మెట్టు దిగి అతని వైపు తిరిగి కూర్చుంది. నూనె మరకల గడ్డం రెండు వేళ్ళతో పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"నేనింక దేన్నీ రెండోసారి అడగను," అంది. "వంతెన మీద అడిగింది అయిపోయింది. అది నువ్వెప్పుడైనా అడిగితే చూద్దాం. కానీ అమ్మ సంగతి మాత్రం చెప్తాను. మొదట్నుంచి."

చెప్పడం మొదలుపెట్టింది. ఆస్పత్రి, పొద్దుటి పూట, కిటికీ పక్క మంచం. అతను కళ్ళార్పకుండా ఆమె పెదవులు చూస్తున్నాడు. నాలుగు మాటలు అందాయి. అయిదోది జారిపోయింది. పాత అలవాటు కొద్దీ నవ్వు మొహం పైకి రాబోయింది. దాన్ని మింగేశాడు. జీవితంలో మొదటిసారి చెయ్యెత్తి ఆమెని ఆపాడు.

"అర్థం కాలేదు," అన్నాడు. "మళ్ళీ చెప్పు."

ఆమె మళ్ళీ చెప్పింది.