ఆబ్సెంట్ పడ్డోడి రీడింగులు

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ దాటి దిల్‌సుఖ్‌నగర్ దిక్కు పోతుంటే మా డిగ్రీ కాలేజీ. ఫిజిక్స్ ల్యాబ్‌ల నేను, క్రాంతికుమార్ జోడీ. మెర్క్యురీ దీపం వెలుగు ప్రిజం గుండ పోతే రంగురంగుల గీతలు కనపడుతయి. టెలిస్కోప్‌ల కన్ను పెట్టి వాడు కోణం చెప్తడు, నేను రాస్త. రెండువేల పదకొండుల, ఓ పొద్దున ఆ రీడింగులన్నీ తీసి, మధ్యాహ్నం ఎల్‌బీ నగర్‌ల తెలంగాణ ర్యాలీకి పోయిండు. తొక్కిసలాటల తలకు దెబ్బ తాకింది. దవాఖానల పానం పోయింది.

పదిరోజులకు ఫిజిక్స్ సార్ మా ల్యాబ్ రికార్డు తెరిచిండు.

"ర్యాలీకి పోయినవాడికి ఆ రోజంతా ఆబ్సెంటే. వాడి పేరు కొట్టేసి, ప్రయోగం నువ్వొక్కదానివే మళ్ళీ చెయ్యి కౌసల్యా. లేదంటే ఫెయిల్."

ఒళ్లు మండింది. చచ్చినోడి మీద గూడ కసి తీర్చుకునుడా? థూ!

"ప్రయోగం చేస్త సార్. పేరు మాత్రం కొట్టెయ్య. ఏం జేసుకుంటరో జేసుకోండి."

మరునాడు పదకొండు గంటలకు డార్క్‌రూంల కూసున్న. నల్లగుడ్డ పరదాలు. వేడెక్కిన దీపం వాసన. రోడ్డు మీది నినాదాలు సన్నగ వినపడుతున్నయి. కోపంతోని పండ్లు నూరుకుంట టెలిస్కోప్‌ను ఆకుపచ్చ గీత మీదికి తిప్పిన. స్కేలు చూద్దామని టార్చికి చెయ్యి చాపిన...

"ముప్పై ఏడు డిగ్రీలు, పన్నెండు నిమిషాలు. రాస్కో."

చెవి పక్కనే. గుసగుస.

టార్చి వేసిన. ఎవ్వరు లేరు. స్కేలు చూసిన. ముప్పై ఏడు, పన్నెండు.

"క్రాంతీ... నువ్వేనా?"

కరెంటు పోయింది. దీపం ఆరింది. మళ్ల కన్ను పెట్టిన... గీతలు పోలే. అట్లనే మెరుస్తున్నయి.

"సార్!" అని అరిచిన.

పరదా తోసుకుంట వచ్చిండు. "ఏంటమ్మా ఆ కేకలు?"

"మీరే చూడండి."

వంగి కన్ను పెట్టిండు. ఒక నిమిషం... రెండు... కన్ను తీస్తలేడు. తీయనీకి వస్తలేదు! రెండు చేతులతోని టెలిస్కోప్‌ను తోస్తున్నడు.

"వేస్తాను బాబూ... ప్రెజెంట్ వేస్తాను... వదులు..."

దబ్బున ఎనకకు పడ్డడు. నిజం చెప్త, నాకు జాలి కలగలే. మంచిగైంది అనుకున్న.

సోమవారం క్లాసుల సార్ హాజరు పిలిచిండు. నా పేరు అయినంక జర ఆగిండు.

"క్రాంతికుమార్."

"ప్రెజెంట్ సార్."

ఆఖరి బెంచీ నుంచి. క్లాసుల నలభై మందిమి ఉన్నం. ఒక్కరం గూడ తిరిగి చూడలే.