తొంభై నిమిషాల టేపు

1983 ఆగస్టు 13, శనివారం. జనగామలో పొద్దుటి నుంచి ముసురు. వాన పడుతున్నట్టూ లేదు, వెలిసినట్టూ లేదు. కరెంటాఫీసులో గుమస్తా సోమనర్సయ్య మధ్యాహ్నం సెలవు పెట్టి, స్టేషన్ రోడ్డులో విద్యాసాగర్ దుకాణం ముందు గొడుగు దులిపి నిలబడ్డాడు. అతనికి ఒక ఖాళీ క్యాసెట్ కావాలి.

ఆ రోజుల్లో ఖాళీ క్యాసెట్ కొనడమంటే పెళ్లిచూపులంత తతంగం. చెరిపి మళ్లీ అమ్మేవి ఉండేవి. వాటిలో మన పిల్లాడి పద్యం మధ్యన పాత సినిమా పాట ముక్క తొంగిచూసేది. కొన్ని మొదటి వారంలోనే మిషన్ కడుపులో చిక్కుపడి పేగుల్లా బయటికొచ్చేవి. కాబట్టి తెలిసినవాడు కవరు మీది జిగురు కాగితం చూసేవాడు, మరలు చూసేవాడు, చెవి దగ్గర పెట్టి ఊపి చూసేవాడు. సోమనర్సయ్య ఇవన్నీ చేశాడు.

విద్యాసాగర్ రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. "అరవై నిమిషాలదే తీస్కో అన్నా. టేపు జర మందంగుంటది. తొంభైది ఉల్లిపొర లెక్క. గట్టి గొంతు పట్టినవనుకో, చుట్టల ఒక పొర మీది మాట పక్క పొరకు అంటుకుంటది. అప్పుడు అసలు మాట రాకముందే దాని నీడ సన్నగ వినవడుతది."

ఎవరి గొంతు పట్టాలని అడిగితే, మా అవ్వదన్నాడు సోమనర్సయ్య. వరంగల్ దవాఖానలో డాక్టరు అతని తల్లి ఊపిరితిత్తుల ఫోటో చూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఆమె ఆయుష్షు ఎట్లాగూ చిన్నదైంది, టేపైనా పొడుగుది ఉండనీ అనుకుని, సోమనర్సయ్య తొంభై నిమిషాలదే తీసుకున్నాడు. కొత్తది. విప్పని కవరుది.

వాళ్ల ఊరు రేగొండకు ఇవతల. జనగామ నుంచి బస్సులు మారి చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. ఇంటి తలుపు దగ్గరికి వేసి ఉంది, గడియ లేదు. ఆ తలుపుకు పద్నాలుగేళ్లుగా గడియ పడలేదు.

దాని సంగతి చెప్పాలి. అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం రోజుల్లో, సోమనర్సయ్య అన్న బాలనర్సయ్య వరంగల్ కాలేజీలో చదివేవాడు. చదివాడనడం కంటే గోడల మీద నినాదాలు రాశాడనడం నయం. వేళ్లకు ఎప్పుడూ జాజు ఎర్రమట్టి రంగే, ఆ తడి మట్టి వాసనే. ఒకనాడు పొద్దున, "ఊరేగింపుకు పోయొస్తనే అవ్వా, రాత్రయితదేమో, గడియ పెట్టకు" అని చెప్పి వెళ్లాడు. జైల్లో లేడు, దవాఖానల్లో లేడు, చచ్చినవాళ్లలో లేడు. తిరిగి రానూ లేదు.

ఆ వైపు ఊళ్లలో చావుకు ఉట్టిగా ఏడవరు. మాటలతో ఏడుస్తారు. పోయినవాడు ఎక్కడ పుట్టిందీ, ఏ కూర ఇష్టంగా తిన్నదీ, ఎవరి మీద అలిగిందీ రాగం తీసి చెబుతారు. అందులో వాళ్ల అవ్వ లచ్చమ్మ తర్వాతే ఎవరైనా. ఆమె గొంతెత్తితే పాడె మోసేవాళ్లు కాసేపు ఆగేవారట. దొరల గడీలో చావైనా ఆమెకు కబురొచ్చేది. ఊరందరి కోసం ఏడ్చిన ఆ మనిషి కొడుకు కోసం మాత్రం ఒక్క మాట ఏడవలేదు. ఏడిస్తే వాడు చచ్చినట్టు ఒప్పుకున్నట్టే కదా.

సోమనర్సయ్యకు అవ్వ గొంతు దాచుకోవాలని ఉంది. అంతకంటే, ఆమె పోయేలోపు ఆ ఏడుపు ఏడ్చేస్తే బాగుండని ఉంది. రానివాడి కోసం తలుపు తెరిచిన ఇంట్లో, వచ్చిన కొడుకుగా బతకడం అతన్ని లోలోపల తినేస్తూ వచ్చింది.

ఆదివారం పగటిపూట, మంచం పక్కన కూర్చుని, అన్న కోసం ఒక్కసారి ఏడవమని అడిగాడు. లచ్చమ్మ ఇంటి పెంకుల వైపు చూసింది.

"ఏడిస్తే వాడు సచ్చినట్టేగదరా."

"నీ కడుపుల కుంపటి ఆరుతదే అవ్వా."

"అయితే ఒకదిక్కే పట్టు. రెండోదిక్కు ఖాళీగుంచు. వాడొస్తే వాడు మాట్లాడుకుంటడు."

సరేనన్నాడు. కవరు చింపి, జనగామ నుంచి తెచ్చిన టేపురికార్డరులో క్యాసెట్ పెట్టాడు. వాకిట్లో చూరునీళ్ల చప్పుడు, దూడ అరుపు, వీధిలో పిల్లల గోల. టేపులో ఇవన్నీ పడతాయి. సోమనర్సయ్య లేచి తలుపు మూశాడు. గాలికి తెరుచుకుంటుందని గడియ పెట్టాడు.

లచ్చమ్మ కళ్లు మూసుకుని ఉంది. చూడలేదు.

"కొడుకా... ఉల్లికారం బువ్వ నీకని ఉట్టి మీద పెట్టిన కొడుకా... ఉట్టి ఊగుతున్నది, నువ్వు రాకపోతివి..."

పద్నాలుగేళ్ల ఏడుపు ఒక్కసారిగా లేచింది. సోమనర్సయ్య భార్య అండాలు గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. ముసురు వెలుతురు ఇంకా మసకబారింది. ఎక్కడినుంచో తడి మట్టి వాసన... మట్టి కాదు. జాజు.

తలుపు మీద చప్పుడైంది. మెల్లగా. వేళ్లతో తట్టినట్టు.

అండాలు లేవబోయింది. టేపు పాడవుతుందని సోమనర్సయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "గాలి" అని పెదవులతోనే చెప్పాడు.

మళ్లీ చప్పుడు. ఇంకొంచెం మెల్లగా... తర్వాత లేదు.

ఏడుపు అయిపోయింది. లచ్చమ్మ మొహం కడిగిన గడపలా తేటగా ఉంది. వినిపించమంది. సోమనర్సయ్య టేపు వెనక్కి తిప్పి మీట నొక్కాడు.

విద్యాసాగర్ చెప్పింది నిజమే. ప్రతి మాటకు ముందు ఆ మాట నీడ సన్నగా వస్తోంది. 'కొడుకా' కంటే ముందు చీమంత 'కొడుకా'. నవ్వుకోబోయాడు. అంతలో తలుపు చప్పుడు దగ్గరికొచ్చింది. తట్టడం... ఆ వెనక చీమంత గొంతు. అవ్వది కాదు. మగ గొంతు.

"అవ్వా... గడియ తియ్యే..."

నీడ మాత్రమే. దాని వెనక రావలసిన అసలు మాట రాలేదు. అవ్వ ఏడుపే వచ్చింది.

సోమనర్సయ్య మీట నొక్కి ఆపాడు. లచ్చమ్మ తల తిప్పి, కొడుకును దాటి, తలుపు వైపు చూసింది. గొంతులో కోపం లేదు.

"గడియ ఎవరు పెట్టిండ్రు?"

అతను పరుగున వెళ్లి తీశాడు. వాకిట్లో వాన... గడప అవతల రెండు పాదాలంత మేర నేల పొడిగా ఉంది. చూస్తుండగానే తడిసిపోయింది.

లచ్చమ్మ మళ్లీ ఏడవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. ఆ వారం దాటలేదు. ఆమె కోసం మాటలతో ఏడవగలిగినవాళ్లు ఊళ్లో ఎవరూ లేక, పాడె వట్టి వానచప్పుడులోనే వెళ్లింది.

దినాలయ్యాక సోమనర్సయ్య జనగామ వెళ్లి విద్యాసాగర్‌ను అడిగాడు, అసలు మాట లేకుండా నీడ ఉంటుందా అని.

"ఎట్లుంటదన్నా?" అన్నాడతను. "నీడ వడ్డదంటే ఎనకనుంచి మాట రావాలె. జర ఆలస్యమయితదేమో గని, రావాలె."

పెద్దమనుషులు కూర్చుని పంపకం చేశారు. మెట్ట చెలక, పొలం, ఇల్లు సోమనర్సయ్యకు. చెవుల గంటీలు కోడలు అండాలుకు. పాడిబర్రె, దూడ లచ్చమ్మ చెల్లెలు వజ్రమ్మకు. క్యాసెట్ ఎవరూ అడగలేదు. అది సోమనర్సయ్య పెట్టెలో ఉంది, రెండోవైపు అతను ఎన్నడూ పెట్టి వినలేదు. బాలనర్సయ్య వాటా మాట ఒకరెత్తారు కానీ, తల్లే ఏడ్చినంక ఇంక వాటా ఏందని మిగతావాళ్లన్నారు. అతనికేమీ రాలేదు.

ఊరికొచ్చినప్పుడల్లా సోమనర్సయ్య తలుపు దగ్గరికి మాత్రమే వేసి పడుకుంటాడు. పొద్దున లేచి చూస్తే గడియ లోపలినుంచి పెట్టి ఉంటుంది, దాని మీద జాజు వేళ్ల గుర్తు, ఇంకా తడిగా.