పెరికేసిన శనగ వరుస

"నా మొక్కల్ని చంపేశారమ్మా" అన్నాడు, ఆఫీసు తలుపు తోసుకుని వచ్చిన పెద్దమనిషి. ఇంకా కుర్చీలో కూర్చోనైనా లేదు. చేతులు వణుకుతున్నాయి. భయం కాబోలనుకుని, ఒలకకుండా ఉంటుందని మరిది మంచినీళ్ల గ్లాసు సగమే నింపి ఇచ్చాడు.

మరిది, డిటెక్టివు అయిన తన వదినగారి దగ్గరే సహాయకుడు. ఆవిడ చూపు పడితే అబద్ధం తానే లేచి నిలబడి దండం పెడుతుందని అతని నమ్మకం.

వచ్చినాయన పరిశోధన కేంద్రంలో కొత్త శనగ రకాలు తయారుచేసే సైంటిస్టు. ఈ పంట అవగానే రిటైరవుతాడు. సాగులో ఉన్న తెల్లపూల రకాలన్నీ ఒక్క ఇంటి పిల్లల్లా అయిపోయాయని, ఒక తెగులు తగిలితే అన్నీ కలిసి పోతాయని ఆయన బెంగ. అందుకే ఎక్కడిదో పాత గులాబీపూల శనగ తెప్పించాడు. గింజ చిన్నదే కాని కొమ్మకొమ్మకూ కాయలు. తెల్లపూల మొగ్గల్ని స్వయంగా విప్పి, లోపలి పుప్పొడి తిత్తులు తీసేసి, ఆ గులాబీపూల పుప్పొడి అద్దాడు. అలా వచ్చిన గింజలు మొలిచి మొగ్గ తొడిగే వేళకు ఎవరో వరుసంతా పెరికేశారు.

డైరెక్టరు అనుమానం ఆయన శిష్యురాలి మీద. రేపటికి తేలకపోతే ఆమెను పంపించేస్తారట.

"అది నాకు కూతురులాంటిది. కానీ ఆ వరుస విలువ ఇంకెవరికి తెలుసు చెప్పండి?" అన్నాడు సైంటిస్టు.

పొలంలో వరుస ఖాళీగా ఉంది. పెరికిన చోట మట్టిని మళ్లీ సర్ది అరచేత్తో అదిమారు. పక్క వరుసల్లో ఒక్క కొమ్మయినా విరగలేదు. చివర ఒకే ఒక్క మొక్క నిలిచి ఉంది, కాడ మీద ఊదా చాయతో.

"దొంగకు చత్వారమేమో వదినా."

"కాదు మరిదీ, చూపు బాగా ఆనే దొంగే."

పెరికిన మొక్కలు ఎరువు గుంటలో దొరికాయి. ఆవిడ ఒక్కొక్క కాడా తిప్పి చూసింది. అన్నీ పచ్చకాడలే. శనగాకుల పులుపు తగిలి వేళ్లు చురుక్కుమంటే మరిది చెయ్యి విదిలించాడు.

శిష్యురాలి కళ్లు ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.

"ఆ వరుస నీకు అప్పగించలేదని అలిగావట?"

"అలిగాను. అలిగితే మొక్కలు పీకుతానా? అసలు దగ్గరికి రానిస్తేగా."

"ఎప్పుడూ అంతేనా?"

"లేదండీ. పోయిన పంట నుంచే. పుప్పొడి అద్దేటప్పుడు కూడా మాకు వీపు తిప్పి చేసేవారు."

సైంటిస్టు ఇల్లు పొలం పక్కనే. ఆయన భార్య టీ ఇచ్చింది. పెళ్లికి ముందు నుంచీ భర్తతో కలిసి ఈ మొక్కల మధ్యే పనిచేశానని, మోకాళ్లు పట్టేశాక పొలం ముఖం చూడలేదని చెప్పింది. టీలోకి నిమ్మచెక్క పిండుతూ వేళ్లు ఠక్కున వెనక్కి తీసుకుంది.

మర్నాడు విత్తనాల గదిలో అందరినీ కూర్చోబెట్టారు. మాట మొదలుపెట్టే ముందు డిటెక్టివు సైంటిస్టు భార్య వైపు వంగి, "మీరు చెప్తారామ్మా?" అని అడిగింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. డిటెక్టివే మొదలుపెట్టింది.

"తల్లిది తెల్లపువ్వు, తండ్రిది గులాబీ పువ్వు. సంకరం కుదిరితే పిల్లమొక్క గులాబీయే పూస్తుంది. కాడకు ముందే ఊదా చాయ వస్తుంది. కుదరకపోతే తల్లిలాగే పచ్చకాడ. పెరికినవన్నీ పచ్చకాడలే. నిజంగా కుదిరిన ఒక్కదాన్ని మాత్రం వదిలేశారు. పాడుచెయ్యాలని వచ్చినవాళ్లు అలా చెయ్యరు. తెల్లపూలు విచ్చడం ఆయన చూడకూడదనుకున్నవాళ్లు చేస్తారు."

"అన్నీ ఎందుకు తప్పాయి?" అన్నాడు డైరెక్టరు.

డిటెక్టివు గొంతు తగ్గించింది. "తిత్తి ముక్క లోపల మిగిలితే పువ్వు తన పుప్పొడితోనే గింజ కడుతుంది. అది తీయడానికి వణకని చెయ్యి కావాలి."

సైంటిస్టు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఈ అమ్మాయి వేళ్లు శనగ పులుపుకు ఎప్పుడో రాటుదేలాయి. పొలం మానేసిన వేళ్లయితే చిట్లుతాయి" అంది డిటెక్టివు.

"నేనే పీకాను" అంది భార్య. "ఎవరో పాడుచేశారనుకుంటే కోపమొస్తుంది, పోతుంది. చేతులు పోయాయని తెలిస్తే ఈయన ఎట్లా బతుకుతారు? నీ మీదికి వస్తుందనుకోలేదు తల్లీ. వచ్చాక నోరు పెగల్లేదు."

డైరెక్టరు శిష్యురాలికి క్షమాపణ చెప్పాడు. ఆమె వినిపించుకోలేదు. గురువు వైపే చూస్తోంది.

"సార్, కాడలు మీరు చూసుకోలేదా?" అని డిటెక్టివు మెల్లగా అడిగింది.

"చూడబుద్ధి కాలేదమ్మా. పువ్వొచ్చేదాకా ఆశ ఉంటుందిగా."

ఇంత కేసు గెలిచాక వదినను మెచ్చుకోవాలని మరిదికి తోచలేదు. ఆవిడా అతని వైపు చూడలేదు.

శిష్యురాలు ప్రథమ చికిత్స పెట్టెలోంచి మందు తెచ్చి, భార్యకు కాక ఆయన చేతికే ఇచ్చింది. ఆయన భార్య ముందు కూర్చుని, చిట్లిన వేళ్లకు రాయబోయాడు. ఒకచోట పెట్టబోతే వేలు ఇంకోచోట పడుతోంది.

ఆవిడ చెయ్యి కదల్చలేదు. అది పడిన చోటే నొప్పి ఉన్నట్టు, "ఆఁ, అక్కడేనండీ" అంటూ కూర్చుంది.