తిట్టు తగిలితేనే టీ

"నీ జిమ్మడిపోనూ! నా చెప్పులు నేలకి అతికించేసింది నువ్వేనేటిరా? నీ చేతులు పడిపోనూ!"

పైడితల్లి అన్నది ఇదీ. ఒక్క ముక్క తక్కువా లేదు, ఎక్కువా లేదు. మెడ నరాలు ఉబ్బేలా అరిచింది.

మూడడుగుల దూరంలో నిలబడ్డ సింహాద్రి చెవిలో పడింది మాత్రం ఇది:

"సింహాద్రి గారూ, నా పాదరక్షల విషయంలో చిన్న అసౌకర్యం ఏర్పడిందండి. వీలు చూసుకుని సహకరించగలరా?"

గొంతు అచ్చంగా ఆవిడదే. ఆ చివర్లో వచ్చే కాస్త జీర కూడా ఆవిడదే. మాటలే ఆవిడవి కావు.

సింహాద్రి మొహం వాడిపోయింది. పొద్దున్న ఆరింటికి, అందరికంటే ముందొచ్చి, కాయిల్స్‌కి పూసే వార్నిష్ తెచ్చి, ఆవిడ చెప్పులు విడిచి లోపలికెళ్లగానే వాటి అడుగున ఎంతో ఓపిగ్గా పూసి అతికించాడు పాపం.

"ఇంకా గట్టిగా తిట్టు పైడీ," అని బతిమాలాడు.

"ఇంతకంటే ఎలా తిట్టమంటావురా సచ్చినోడా!"

"మీ సూచనకి ధన్యవాదాలండి," అని వినపడింది అతనికి.

షిఫ్టు దిగుతున్న జనం పక్కనుంచి నడిచిపోయారు. ఒక్కడూ నవ్వలేదు. చెప్పులు అతుక్కుపోయిన ఆడమనిషీ, ఎదురుగా ఏడుపు మొహంతో మగమనిషీ. అంతకుముందైతే ఈ సీను వారం రోజులు ఫ్యాక్టరీ అంతా తిరిగేది.

ఇది మీకు కొత్తగా ఉంటుంది, అందుకని మొదట్నుంచి చెప్తాను. ఇది ఇప్పటి కథ కాదు, ఇరవై ఏళ్లు ముందుకెళ్లండి. అనకాపల్లి నుంచి సముద్రం వైపు పోతే, పెద్ద గాలిమరలకి జనరేటర్లు చేసే ఫ్యాక్టరీ ఒకటి వస్తుంది. లోపల వైండింగ్ సెక్షన్. లారీ చక్రమంత రింగులకి రాగి తీగ చుట్టే యంత్రాలు అరవై ఉంటాయి, అరవయ్యీ ఒకేసారి అరుస్తాయి. చెవులు మూసుకోకుండా అక్కడ రెండేళ్లు పనిచేస్తే మూడో ఏడు పెళ్లిలో మేళం కూడా వినపడదు. అందుకే అందరికీ హెడ్‌సెట్లు. మైకులో మాట్లాడాలి, చెవిలో వినాలి. పక్కవాడితో మాట్లాడాలన్నా అంతే.

ఒకరోజు ఎవరో సరదాకి దాలయ్య అనే ఫిట్టర్ స్టూల్ బోల్టు వదులు చేశారు. దాలయ్య పడ్డాడు. హెడ్‌సెట్లలో అరవై మంది నవ్వు ఒక్కసారి వినపడింది. లేచి, చేతికందిన స్పానర్ తీసి, ఆ నవ్వు మీదకి విసిరాడు. నవ్వనివాడికి తగిలింది. ఆ మనిషికి కన్ను పోయింది.

అప్పుడొచ్చింది డాక్టర్ రెహానా. మందుల డాక్టర్ కాదు, శబ్దాల మీద రీసెర్చ్ చేసిన డాక్టర్. ఆవిడ లెక్క సింపుల్. "కోపం నోట్లో పుట్టినా, చెయ్యి లేచేది చెవి వల్ల. చెవిలో పడకపోతే చెయ్యి లేవదు," అంది. హెడ్‌సెట్లో చిన్న చిప్ పెట్టింది. మీ మాట నా చెవికి చేరేలోపల, సెకనులో మూడో వంతు టైములో, అందులో కోపం ఉందో లేదో ఆ చిప్ చూస్తుంది. ఉంటే మాటలు మార్చి, మీ గొంతుతోనే, మర్యాదగా నాకు వినిపిస్తుంది. చిలిపి పనుల సంగతి కూడా చూసుకునేది. ఇద్దరు గుసగుసలాడి కిసుక్కున నవ్వితే చాలు, అవతలివాడి చెవిలో "మీ స్టూల్ ఒకసారి పరీక్షించుకోండి" అని చెప్పేసేది. అందుకే సింహాద్రి చెప్పుల పని ఒంటరిగా, నోరు మూసుకుని చేశాడు.

ఇంకో సంగతుంది. చెవులు గట్టిగా మూసేస్తే మన గొంతు మనకే బిందెలో మాట్లాడినట్టు ఉంటుంది. అది బాగోదని, మాట్లాడినవాళ్ల చెవిలోకి కూడా వాళ్ల గొంతే తిరిగి పంపింది రెహానా. మెత్తబడిన గొంతు. అంటే పైడితల్లి నోరు "సచ్చినోడా" అంటే, ఆవిడ చెవి కూడా "ధన్యవాదాలండి" అనే వినేది.

ఆ హెడ్‌సెట్లకి కంపెనీ పెట్టిన పేరు ఇంగ్లీషులో ఏదో ఉంది. వర్కర్లు మాత్రం బెల్లం డిప్పలు అన్నారు. అనకాపల్లి, బెల్లం ఊరోళ్లు కదా.

దెబ్బలాటలు ఆగిపోయాయి. నిజంగా ఆగిపోయాయి, ఆ మాట ఒప్పుకోవాలి.

ఇప్పుడు టీ సంగతి. వైండింగ్ సెక్షన్‌లో, ఎవరు పెట్టారో తెలీదు గానీ, ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా నోరు జారి తిడితే, షిఫ్టు దిగేలోపల ఆ తిట్టినవాళ్లే ఫ్లాస్కు తెచ్చి, తిట్లు తిన్నవాళ్లకి నిలబడి టీ పొయ్యాలి. తిట్లు తిన్నవాడు సగం తాగి, గ్లాసు తిరిగివ్వాలి. మిగతా సగం తిట్టినవాళ్లు తాగాలి. అక్కడితో సరి. తిట్టు అవతలివాడికి తగిలితేనే టీ. గాల్లో తిట్టుకుంటే లెక్కలోకి రాదు.

పైడితల్లికి నలభై ఒకటి. మొగుడు పోయి పన్నెండేళ్లు. అక్క దగ్గర ఉంటుంది. సింహాద్రికి నలభై మూడు, పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదంటే, "కుదర్లేదు" అంటాడు. పదకొండేళ్లుగా పక్కపక్క యంత్రాలు. పదకొండేళ్లుగా రోజూ అతను ఆవిడ టిఫిన్ డబ్బా దాచెయ్యడం, గొడుక్కి ముడెయ్యడం, గ్లౌజులో వేరుశనక్కాయలు పోసి పెట్టడం. రోజూ ఆవిడ తిట్టడం. రోజూ రెండింటికి గోడ పక్కన, అందరి ముందర, ఒకే గ్లాసులో టీ. సగం అతను, సగం ఆవిడ.

ఎవరూ ఏమీ అనేవారు కాదు. పద్ధతి కదా. గేటు దాటితే మాత్రం ఎవరి దారి వాళ్లది, పలకరింపు కూడా ఉండేది కాదు.

డిప్పలొచ్చాక టీ ఆగిపోయింది. చెప్పుల రోజున అతను అడిగింది అదే. ఒక్క తిట్టు, చెవికి తగిలేలాగ. రాలేదు.

ఆ తర్వాత వారం పైడితల్లి తెగించి, తిట్టకుండానే ఫ్లాస్కు పట్టుకెళ్లింది. గోడ పక్కన నిలబడి గ్లాసులో పోసింది. సెక్షన్ అంతా తలలు తిప్పి చూసింది. ఎవరూ వెక్కిరించలేదు, డిప్పలు వెక్కిరించనివ్వవు. ఊరికే చూశారు. చూపుల్ని మెత్తబరిచే చిప్ రెహానా ఇంకా కనిపెట్టలేదు.

సింహాద్రి మొహం ఎర్రబడింది. "ఏం తిట్టావని పోస్తన్నావు పైడీ?" అన్నాడు, అందరూ చూస్తున్నారన్న కంగారులో.

ఆవిడ గ్లాసు అక్కడే పెట్టేసి వెళ్లిపోయింది. మళ్లీ ఫ్లాస్కు ముట్టుకోలేదు.

అతను ఇంకో ఆర్నెల్లు అవీ ఇవీ దాచాడు. డబ్బా దాస్తే ఆవిడ వెతుక్కుని తెచ్చుకునేది. ఏదో అనేది. అతనికి "పర్వాలేదండి" అని వినపడేది. ఆర్నెల్లు రోజూ పర్వాలేదండి, పర్వాలేదండి. లోపల తిడుతోందేమో, డిప్పలే మార్చేస్తున్నాయేమో అని మొదట్లో సర్దిచెప్పుకునేవాడు. పోను పోను నమ్మకం పోయింది. మనిషికి నిజంగానే పర్వాలేదేమో అనుకున్నాడు. దాచడం మానేశాడు.

డిప్పలొచ్చిన పద్నాలుగో నెల్లో నోటీసు బోర్డు మీద కాగితం పడింది. గుజరాత్‌లో కొత్త ప్లాంటు, ఇష్టమున్నవాళ్లు పేరివ్వొచ్చు, పోతే మళ్లీ ఇటు బదిలీ ఉండదు. సింహాద్రి పేరిచ్చాడు. శనివారం మధ్యాహ్నం బస్సు.

గురువారం పైడితల్లి రెహానా గదికొచ్చింది. అద్దాల గది, యంత్రాల మోత లోపలికి రాదు. డిప్పలు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"డాక్టరమ్మా, ఒక్క పూట నా తిట్టు ఆడికి వినపడనియ్యమ్మా."

రెహానాకి మొదట అర్థం కాలేదు. టీ సంగతి అంతా విన్నాక కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ఫ్లోర్ మీద ఆపలేనమ్మా. ఒక్కరికి ఆపితే అందరికీ ఆపాలి. ఆ కన్ను పోయినాయన్ని రోజూ గేటు దగ్గర చూస్తున్నా కదా."

"నిజమే తల్లీ. ఆపమన్లేదు. ఒక్క పూట."

"బయట చెప్పొచ్చు కదా? గేటు దాటాక హెడ్‌సెట్ ఉండదు. మీ మనసులో ఉన్నది మామూలుగా చెప్పండి, వెళ్లొద్దని."

పైడితల్లి నవ్వింది. "మామూలుగా ఏటని చెప్తామమ్మా? మాకు మామూలు మాటల్లేవు. పదకొండేళ్లలో ఆడితో తిట్లు తప్ప ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు. ఎల్లొద్దని ఉత్తినే అంటే నోరు పెగల్దు. తిడితే దాన్లో పడి అదే వచ్చేస్తాది."

"అయితే తిట్టండి. బయట మిమ్మల్ని ఎవరాపుతారు?"

"అంతేనంటావా?"

"అంతే. ఏమని తిడతారు?"

"అది ఇప్పుడెలా చెప్తాను? ఆడి మొహం ఎదుట కనపడాలి, ఒళ్లు మండాలి, అప్పుడొస్తాది." పైడితల్లి సిగ్గుపడింది. తలుపు దాకా వెళ్లి ఆగింది. "మా అక్క అంటాదమ్మా, నువ్వీమధ్య నెమ్మదస్తురాలివైపోయావే, చూస్తే భయమేస్తాంది అని."

"మంచిదే కదా," అంది రెహానా.

మంచిదే అనుకుంది మరి. ఆవిడ కంప్యూటర్లో ఒక గ్రాఫ్ ఉంది. చిప్ రోజుకి ఎన్నిసార్లు మాట మార్చాల్సి వస్తోందో చూపించే గ్రాఫ్. మొదటి నెల రోజుకి నాలుగు వేలసార్లు. ఇప్పుడు నలభై. మనుషులు శాంతపడ్డారని రాసి, ఆ గ్రాఫ్‌ని పైఆఫీసుకి పంపించింది. పైఆఫీసు వాళ్లు మెచ్చుకున్నారు. ఇవే డిప్పల్ని స్కూళ్లకీ, అపార్టుమెంట్లకీ అమ్మాలని చూస్తున్నారు.

శనివారం. ఎండ మాడ్చేస్తోంది. గేటు బయట బస్సు ఇంజను వేసుకుని ఉంది. గుజరాత్ వెళ్లేవాళ్లు పద్దెనిమిది మంది, పెట్టెలు పైన కడుతున్నారు. సింహాద్రి ఒక సంచితో, తల దువ్వుకుని, బస్సు మెట్టు దగ్గర నిలబడ్డాడు. అటూ ఇటూ చూస్తున్నాడు, ఎవరి కోసమో చూడనట్టు.

పైడితల్లి గేటు దాటి వచ్చింది. డిప్పలు లోపలే లాకర్లో పెట్టి వచ్చింది. చెవులకి గాలి తగులుతోంది. గడ్డివామికి నిప్పంటుకున్నట్టు లోపల మండుతూ వచ్చింది. వెనక, సెక్యూరిటీ గది నీడలో రెహానా నిలబడి ఉంది. రావాలని అనుకోలేదు, వచ్చేసింది.

అతను చూశాడు. మొహంలో ఏదో వెలిగింది. సంచి కింద పెట్టాడు. తిట్లు తినడానికి మనిషి ఇంత సంబరంగా నిలబడ్డం అక్కడెవరూ చూసి ఉండరు.

పైడితల్లి గుండెనిండా గాలి పీల్చుకుంది. వేలు చూపించింది. నోరు తెరిచింది.

"సింహాద్రి గారూ," అంది. "మీ ప్రయాణం సుఖంగా జరగాలని కోరుకుంటున్నానండి."

నోరు మూసుకుంది. కళ్లు పెద్దవయ్యాయి. మళ్లీ తెరిచింది. ఈసారి ఇంకా కోపంగా, కాళ్లు నేలకేసి కొడుతూ.

"మీరు లేని లోటు మాకు కొంత తెలుస్తుందండి. అయినా పర్వాలేదండి."

"డిప్పలు తీసి మాట్లాడు పైడీ," అన్నాడు సింహాద్రి మెల్లగా, అలవాటు కొద్దీ, ఆవిడ చెవులకేసి చూడకుండానే.

ఆవిడ రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది. తడుముకుంది. చెవులే ఉన్నాయి.

"తీసేశానండి," అంది.

నీడలోంచి రెహానా రెండడుగులు ముందుకేసింది. పాట నేర్చుకునేవాడు శ్రుతి వింటూ వింటూ గొంతు దానికి సర్దుకున్నట్టు, ఈ మనిషి తన చెవిలో మోగిన గొంతుకి తన నోరు సర్దేసుకుంది. కోపమొచ్చిన ప్రతిసారీ, పద్నాలుగు నెలలు. గ్రాఫ్‌లో నాలుగు వేలు కాస్తా నలభై ఎందుకయ్యిందో రెహానాకి అప్పుడర్థమైంది. కోపం ఎక్కడికీ పోలేదు. దాని నోరు పోయింది.

రెహానా పరిగెత్తింది. "సింహాద్రీ, ఆగండి! ఆవిడ అంటున్నది అది కాదు, ఆవిడ అనాలనుకుంటున్నది..."

"ఏటమ్మా అనాలనుకుంటంది?" అని అడిగాడు సింహాద్రి.

అడగాల్సిందే అడిగాడు. ఆ తిట్టేమిటో రెహానాకేం తెలుసు? పైడితల్లి కూడా చెప్పలేనన్నదే కదా. డాక్టరమ్మ నోటితో "ఆవిడకి మీరంటే ఇష్టం" అంటే, గేటు ముందర, పద్దెనిమిది మంది ముందర, ఆ ఇద్దరి పరువూ పోతుంది. అతను నమ్మనూ నమ్మడు. పదకొండేళ్లలో ఆ మాట ఆ భాషలో అతనెప్పుడూ వినలేదు.

డ్రైవర్ హారన్ కొట్టాడు.

సింహాద్రి సంచి తీసుకున్నాడు. "ఉంటాను పైడితల్లి గారూ," అన్నాడు. మొదటిసారి గారు అన్నాడు. వెక్కిరింత కాదు. అతనూ పద్నాలుగు నెలలు డిప్పలు పెట్టుకున్నవాడే, ఆ గారు వెనక ఎంత కోపముందో మరి.

బస్సు కదిలింది. కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. పైడితల్లి రోడ్డు మధ్యలోకొచ్చి నిలబడింది. పెదాలు ఆడుతున్నాయి. దుమ్ము మొహం మీద పడింది. కళ్లలో పడినా తుడుచుకోలేదు. బస్సు అనకాపల్లి వైపు మలుపు తిరిగేదాకా నోట్లో ఏదో వెతుక్కుంటూనే ఉంది.

రెహానా పక్కకొచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. "నన్ను తిట్టమ్మా. నన్నైనా తిట్టు," అంది.

"మీరు చాలా మంచివారండి," అంది పైడితల్లి, పళ్లు పటపటా కొరుకుతూ.

అదీ కథ. డిప్పలింకా రాకముందే, ఈమధ్య మీ చుట్టూ అందరూ భలే మర్యాదగా మాట్లాడుతున్నారు, మీరూ గమనించే ఉంటారు. సరే గానీ, ఒక్కటి అడుగుతాను. రేపు మీరు మళ్లీ రానంత దూరం వెళ్లిపోతుంటే, నలుగురూ చూస్తున్నారని కూడా చూడకుండా రోడ్డుకడ్డంగా నిలబడి, గొంతు చించుకుని మిమ్మల్ని తిట్టేవాళ్లు ఒక్కరైనా ఉన్నారా మీకు?