గోదారి కనిపించే గది

రాజమండ్రిలో ఏ పేటలో దిగాలో, ఏ హోటల్లో ఉండాలో నేను ముందే తేల్చి పెట్టుకున్నాను. ఆ ఒక్క విషయం నాకు వదిలేసి ఉంటే ఈ కథ చెప్పాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఇప్పటికీ తలుచుకుంటే ముందు భయం రాదు నాకు, కోపమే వస్తుంది.

మాది భీమవరం. మావారు మురళీకృష్ణకి రొయ్యల మేత ఏజెన్సీ ఉంది. చెరువులు, రొయ్యల పట్టుబడులు, ఐసు లారీలు... పెళ్ళయ్యాక మేమిద్దరమే కలిసి సరదాగా ఒక ఊరు వెళ్ళింది లేదు. తొంభైతొమ్మిది ఆగస్టులో పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలి రెండ్రోజులు రాజమండ్రి వెళ్దామని ఆయన్ని ఎలాగో ఒప్పించాను. హోటల్ సంగతి నేను చూసుకుంటానన్నాను. సరే అన్నారు.

అక్కడే ఉంటున్న మా పిన్ని కూతురు శ్రీదుర్గకి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను. దానవాయిపేట అయితే వీధులు బాగుంటాయని, పొద్దుపోయినా ఆడవాళ్ళు ధైర్యంగా తిరుగుతారని, బట్టల కొట్లకి దగ్గరని చెప్పింది. కరెంటు పోయినా జనరేటరు ఉండే హోటల్ ఒకటి చూసి, గది కూడా తనే మాట్లాడి పెట్టింది. కొత్త చీర ఒకటి అక్కడ సాయంత్రం కట్టుకుందామని పెట్టె పైనే మడతపెట్టుకున్నాను.

గోదావరి స్టేషన్లో దిగి ఆటో ఎక్కాం. మావారు ఆటో అతన్ని గోదారి గట్టు వైపు పొమ్మన్నారు. దానవాయిపేట కదండీ అన్నాను. బంగార్రాజు చెప్పాడు, గట్టు వెనక సందులో పాత లాడ్జి ఒకటుంది, కిటికీ తీస్తే గోదారేనట, అన్నారు. బంగార్రాజు అంటే ఆయన స్నేహితుడు. ఆ లాడ్జిలో తను కూడా ఎప్పుడూ దిగలేదట, ఎవరో చెబితే విన్నాడట. మరి శ్రీదుర్గ మాట్లాడిన గది? నిన్నే ఫోన్ చేసి వద్దని చెప్పేశాను అన్నారు.

నిన్ననే. నాతో ఒక్క ముక్క అనకుండా.

ఒళ్ళు మండిపోయింది. కానీ ఆటోవాడి ముందు ఏమంటాం. పెట్టె ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చున్నాను. పైన ఎక్కడో వానలు పడి గోదారి ఎర్రగా, నిండుగా పోతోంది. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక ఇచ్చారని ఆటోలో రేడియో చెబుతోంది.

లాడ్జి పాత మేడ. కింద చీకటి వసారా, బల్ల వెనక పల్లంరాజు గారని మేనేజరు. సన్నగా, మెడ ముందుకి వాలిపోయిన మనిషి. మా పేర్లు అడిగి, భార్యాభర్తలే కదండీ అని రెండుసార్లు అడిగాడు. ఆ అడగడం నాకు నచ్చలేదు. నదివైపు గది కావాలని మావారు అంటే, ఆ గది మామూలుగా ఇవ్వమండీ అని నసిగాడు. మావారు పట్టుపట్టారు. ఆయన పట్టుపడితే ఎవరైనా ఇవ్వాల్సిందే.

మేడమీద చివరి గది. తలుపు తియ్యగానే వాసన. తడి సున్నం, నాఫ్తలీన్ ఉండలు, వాటి కింద ఇంకేదో... వరద తీశాక గట్టున మిగిలే ఒండ్రు వాసన. కిటికీ తీశారు ఆయన. గోదారి కనిపించింది, నిజమే. చూశావా అన్నారు, మెచ్చుకోమన్నట్టు.

అక్కడ ఆగలేకపోయాను. నా మాటకి విలువ లేదా అని అడిగాను. ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమేంటి అన్నారాయన. మాటా మాటా పెరిగింది. ఇంతలో కరెంటు పోయింది. వాన మొదలైంది. జనరేటరు లేదు, కొవ్వొత్తయినా లేదు. కింద అడిగొస్తానని ఆయన తలుపు దభాలున వేసి వెళ్ళిపోయారు. నేను లేచి గడియ పెట్టేశాను. కాసేపు బయటే నిలబడనీ అనుకున్నాను.

సాయంత్రమే ఇంకా. అయినా మబ్బుకి గదంతా మసకగా అయిపోయింది. మంచం మీద కూర్చుని నాలో నేనే గొణుక్కున్నాను. ఎవరికీ చెప్పని మాట ఒకటుంది నా దగ్గర. రెండోవాడి కాన్పప్పుడు నొప్పులు పడుతుంటే, ఆసుపత్రిలో నన్ను వదిలేసి చెరువు పట్టుబడికి పోయారాయన. ఆ మాట ఆయన్ని కూడా ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు ఆ గోడకి చెప్పుకున్నాను. "ఆసుపత్రిలో ఒక్కదాన్నీ వదిలేసి పోయారు..." అని పైకే అన్నాను.

వాన చప్పుడు. చూరు నుంచి నీళ్ళు కారే చప్పుడు. తర్వాత తలుపు అవతల చెక్క మీద అరచెయ్యి ఆనించిన చప్పుడు.

"హేమా."

మావారి గొంతే. తలుపుకి పెదాలు ఆనించి మాట్లాడుతున్నంత దగ్గరగా.

"హేమా, తప్పు నాదే. తలుపు తియ్యి."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ మాట కోసం చూస్తున్నాను. అయినా వెంటనే లేవలేదు. ఇంకోసారి అననీ అనుకున్నాను.

"ఆసుపత్రిలో నిన్ను ఒక్కదాన్నీ వదిలేసి పోయాను. తప్పు నాదే. తలుపు తియ్యి."

లేచాను. గడియ మీద చెయ్యి వేశాను.

అప్పుడు కిటికీలోంచి, కింద వసారాలోంచి, కేకలు వినిపించాయి. ఆ గదిలో మనిషిని ఒంటరిగా వదలకూడదన్న మాట గది ఇచ్చేటప్పుడే చెప్పాలా వద్దా అని పల్లంరాజు గారిని కడిగేస్తున్నారు ఎవరో. ఆ విసురు, ఆ దగ్గు... మావారు.

కింద ఉన్నారు.

చెయ్యి గడియ మీదే ఉండిపోయింది. తియ్యడానికీ రాలేదు, వదలడానికీ రాలేదు. తలుపు కింద సందులోంచి ఒండ్రు వాసన వస్తోంది. నా పాదాల వేళ్ళకి తడి తగిలింది.

"తలుపు తియ్యి," అంది అది. అదే గొంతు. అదే దిగులు. ఒక్క అక్షరం తేడా లేకుండా.

నేను గడియ వదిలి వెనక్కి జరిగాను.

తర్వాత... "ఒక్కదాన్నీ వదిలేసి పోయారు." అవి నా మాటలు. కానీ మగ గొంతులో. మళ్ళీ అంది. గొంతు కాస్త సన్నబడింది. మళ్ళీ అంది. చిన్నపిల్లలు పాఠం వల్లెవేసినట్టు, ఓపిగ్గా, ఒక్కో మాటా సరిచేసుకుంటూ...

"ఏవండీ," అంది.

"ఏవండీ."

మూడోసారి అన్నది నేనే. నా నోరు మూసే ఉంది. కానీ అది నా గొంతే.

తడి అడుగులు తలుపు దగ్గర్నుంచి మెట్ల వైపు వెళ్ళాయి. నేను అరవాలి. ఆయన్ని పిలవాలి. నోరు తెరిస్తే అది ఇంకేం నేర్చుకుంటుందోనని పెదాలు బిగించుకున్నాను.

ఎంతసేపో తెలియదు. తలుపు మీద దబదబా బాదిన చప్పుడు. "చెవులు పనిచెయ్యట్లేదా ఏంటి? తియ్యి. సామాను సర్దు, పోదాం." ఆ కసురుడు వినగానే గడియ తీసేశాను. పుట్టాక ఏ తిట్టూ నాకు అంత తియ్యగా అనిపించలేదు.

కిందకి దిగేటప్పుడు పల్లంరాజు గారు లాంతరు పట్టుకుని నిలబడ్డాడు. తల ఎత్తలేదు.

దానవాయిపేట హోటల్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి. గది దొరికింది. మంచం మీద కూర్చుని జరిగింది చెప్పాను. నవ్వుతారనుకున్నాను. చీకట్లో భయపడ్డావంటారనుకున్నాను. ఆయన ముఖం పాలిపోయింది.

"నువ్వు కిందకి రాలేదా?" అన్నారు.

లేదన్నాను.

మేనేజరుతో గొడవపడుతుంటే మెట్ల మలుపులో నేను నిలబడ్డానట. జుట్టు విరబోసుకుని ఉన్నానట. ఏవండీ, తప్పు నాదే, పైకి రండి అని మెత్తగా పిలిచానట. ఆయనకి కోపం దిగలేదు, సరిగా తిరిగి కూడా చూడలేదు. నువ్వు పో, వస్తాను అన్నారట.

"వస్తానన్నారా?"

"అన్నాను. ఎప్పుడొస్తారు అని అడిగావు. ఏదో చెప్పాను."

ఎప్పుడు వస్తానని చెప్పారని అడిగాను. కోపంలో నోటికొచ్చింది చెప్పాను, గుర్తులేదు అన్నారు. మళ్ళీ అడిగాను. నిజంగా గుర్తులేదు హేమా అన్నారు. ఆయన చొక్కా పట్టుకుని ఊపేశాను. నా మీద ఎన్ని విసుర్లు విసిరినా ఒక్కటీ మర్చిపోని మనిషి, ఇది ఎలా మర్చిపోయారని అరిచాను. ఆయన తల పట్టుకుని కూర్చున్నారు.

కిందకి వెళ్ళి, రిసెప్షన్లో అడిగి లాడ్జి నంబరు తీసుకుని ఫోన్ చేశాను. పల్లంరాజు గారే ఎత్తాడు. మావారు మెట్ల మీదున్న దానికి ఏం సమాధానం చెప్పారో మీరు విన్నారా అని అడిగాను.

అటువైపు వాన చప్పుడు వినిపిస్తోంది.

"విన్నానండి," అన్నాడు.

ఏమన్నారో చెప్పండి, మీకు దండం పెడతాను అన్నాను.

"నన్ను అడక్కండి అమ్మగారూ," అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "ఆ మాట ఈ ఇంట్లో ఇంకోసారి ఎవరూ పైకి అనకూడదు. అంటే దానికి గుర్తుచేసినట్టే. వింటోందండి."

ఫోన్ పెట్టేశాడు.