కోయిల తాగిన వేణ్నీళ్ళు

డిటెక్టివ్ గదిలోకి వచ్చిన అమ్మాయి మాట్లాడలేదు, మాట్లాడలేకపోయింది. అందరూ ‘కోయిల’ అని పిలిచే గాయని ఆమె. వెంట వచ్చిన అక్కే గబగబా చెప్పింది.

“మూడింటికి ఫ్లాస్కులో వేణ్నీళ్ళు గుటుక్కున తాగిందండీ. ఎవరో కారం కలిపారు! వారం దాకా నోరు మెదపొద్దన్నారు డాక్టరు. సాయంత్రం కచేరీ, పిల్లల గుండె ఆపరేషన్ల కోసం. ఆగిపోతే టిక్కెట్ల డబ్బు వెనక్కి ఇచ్చేయాలి. సోమవారమే ఒక పాపకి ఆపరేషన్.”

“అనుమానం?”

“దీనికి పాట నేర్పిన మేష్టారి మీద. ఫ్లాస్కు నింపింది ఆయనే. నిన్న దీనితో మాటా మాటా అనుకున్నారు.”

నేరస్థుణ్ణి తేల్చడానికి అసిస్టెంట్‌కి ఎప్పుడూ అర నిమిషం చాలు. డిటెక్టివ్ మాత్రం కచేరీ హాలుకి పదమన్నాడు.

మేష్టారు తల పట్టుకుని కూర్చున్నారు. “నేను నేర్పిన గొంతులో నేనే కారం పోస్తానా? ఫ్లాస్కు గ్రీన్‌రూములో పెట్టాను, అందరూ అటే తిరిగారు. వాద్యాల ట్రాకులన్నీ కోయిల శ్రుతికి చేయించినవి. అంత పైన ఇంకెవరు పాడతారు?”

“నేను పాడతాను,” అంది అక్క మెల్లగా. “ఆరేళ్ళయింది పాడి. పిల్లల కోసం తప్పుతుందా?”

సౌండాయన ట్రాక్ వేశాడు. అక్క ఎక్కడా తడుముకోకుండా పాడేసింది. అసిస్టెంట్ చెవులప్పగించి విన్నాడు. డిటెక్టివ్ సౌండాయనని ఏదో అడిగి, అందరినీ స్టేజీ మీదికి పిలిచాడు.

“కోయిల శ్రుతికి చేసిన ట్రాక్ అక్కగారికి అతికినట్టు ఎలా సరిపోయింది?”

“శ్రుతి రెండు మెట్లు దించానండీ,” అన్నాడు సౌండాయన. “పొద్దున పదింటికి అక్కగారే ఫోన్ చేశారు, చెల్లికి జలుబని.”

జలుబేమీ లేదన్నట్టు కోయిల అడ్డంగా తల ఊపింది.

“గొంతు పోయింది మూడింటికి,” అన్నాడు డిటెక్టివ్. “పాడాల్సి వస్తుందని అక్కగారికి పదింటికే తెలుసు. కారం కలిపినవాళ్ళకి తప్ప అది ఇంకెవరికి తెలుస్తుంది?”

అక్క గొంతు పెంచింది. “మా ఇంట్లో ముందు పాడింది నేను! అది నోరు తెరిచాక నన్ను మంచినీళ్ళు తెమ్మన్నారు. కుళ్ళుకుని చచ్చాను. ఒక్కసారి ఆ చప్పట్లు నాకు కావాలనిపించింది!”

కోయిల చీటీ రాసి అందించింది: ‘నీ సంగతి తర్వాత. సాయంత్రం పాడు. పాప ఎదురుచూస్తోంది.’

అక్క బాగా పాడింది. పాపకి కావలసింది సమకూరింది. చివర హాలంతా లేచి, చప్పట్లు కొడుతూ మొదటి వరుసలో కూర్చున్న అమ్మాయి వైపు తిరిగింది.

“కోయిలా! కోయిలా!”

ఆ చప్పట్లలో మైకు దగ్గర అక్క ఒక్కతే నిలబడిపోయింది. కాసేపటికి తనే కిందికి వెళ్ళి, చెల్లెలి చెయ్యి పట్టుకుని స్టేజీ మీదికి తీసుకొచ్చింది.