సూదుల గిన్నెలో దొరకని స్క్రూ

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. నా రాతలో ఒత్తులు వాటికి నచ్చిన చోట కూర్చుంటాయి. యాభై దాటాక అక్షరాలు దిద్దిన చెయ్యి ఇది. ఒక్క వాక్యం పూర్తయ్యేలోగా పక్కనున్న చాయ్ చల్లారి మీగడ కడుతుంది. ప్రేమ కథలు వానతో మొదలవుతాయని విన్నాను. నేను వాన దాకా చేరేసరికి ఎండాకాలం వచ్చేస్తుంది. కాబట్టి గొడవతో మొదలుపెడతాను.

ఆబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్సు రెండో అంతస్తులో ఉజ్వల అనే అమ్మాయి దుకాణం ఉంది. వెండి లాకెట్లు, రంగురాళ్ల ఉంగరాలు చేసి ఫోనులో బొమ్మలు పెట్టి అమ్ముతుంది. వాటికి మెరుగు పెట్టే పని నాది. పని నాదంటే నాది కాదు, రెండు మిషన్లది. నేను వాటికి కాపలా.

మొదటిది వణికే మిషన్. స్ప్రింగుల మీద ఒక గిన్నె, దాని కింద మోటారు. మోటారుకు ఒక పక్కనే బరువు తగిలించి ఉంటుంది కాబట్టి అది తిన్నగా తిరగలేదు. గిన్నె మొత్తం చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. అందులో ముడి రాళ్లు, నీళ్లు, గరుకు పొడి వేస్తే రాళ్లు ఒకదాన్నొకటి రాసుకుని రోజుల తరబడి నునుపవుతాయి. తర్వాత సన్న పొడి, ఆ తర్వాత ఇంకా సన్నది. పొడి మార్చేటప్పుడు గిన్నె బాగా కడగాలి. ఒక్క గరుకు రవ్వ మిగిలినా, వచ్చిన మెరుపంతా గీతలైపోతుంది.

రెండోది మాగ్నెట్ మిషన్. ఇది మాయల మిషన్. గిన్నె కదలదు. అందులో నీళ్లు, కొంచెం సబ్బు, గుప్పెడు స్టీలు సూదులు. కుట్టే సూదులు కావు, వెంట్రుకంత సన్నగా, బియ్యపు గింజంత పొడవుగా ఉంటాయి. అడుగున అయస్కాంతాలు గిర్రున తిరుగుతుంటే పైన ఈ సూదులన్నీ లేచి చిందులేస్తాయి. వెండి నగల సందుల్లోకి దూరి నలుపంతా తోడేస్తాయి. కాసేపటికి నగ కొత్తదైపోతుంది.

ఈ గిన్నెలో ముత్యం, పగడం వేయకూడదు, గీతలు పడతాయి. ఇనుము అసలే వేయకూడదు, సూదుల్లో కలిసిపోతుంది. వచ్చిన ప్రతివాళ్లకూ నేను వేలు ఊపుతూ ఈ సంగతి చెప్పేదాన్ని. ఆ వేలు తలుచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది.

ఇక గొడవ. మాగ్నెట్ మిషన్‌ను మేము ప్లైవుడ్ గోడకు ఆనించి పెట్టాం. గోడకు అటువైపు గడియారాలు బాగుచేసే దుకాణం. ఒకరోజు మధ్యాహ్నం అక్కడినుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. తెల్లచొక్కా, నెరిసిన మీసం, నుదుటి మీదికి తోసిన భూతద్దం, చేతిలో దిక్సూచి.

"సిస్టర్, జర మీ మిషన్ బంద్ చేయండి."

"ఎందుకు బంద్ చెయ్యాలె?"

"నా గడియారాలన్నీ ఉరుకుతున్నయి."

"మంచిదే గదా సార్. ఆగిపోతే లొల్లి గని, ముందుకు ఉరికితే లొల్లి ఏంది?"

"ఏందా? నిన్న ఒకాయన నా దగ్గర వాచీ తీస్కొని పెండ్లికి పోయిండు. ఇంకా పందిరే వెయ్యలేదట. పందిరోళ్లకు గుంజలు పట్టిచ్చి వచ్చిండు. పొద్దుగాల నన్ను తిట్టిన తిట్లు ఈ గోడవతల మీకు ఇనబళ్లేదా?"

నేను నవ్వాపుకోలేకపోయాను. ఆయన కోపంగా నిలబడాలనే అనుకున్నాడు, మీసమే మాట వినలేదు.

దిక్సూచిని గోడ దగ్గర పెట్టాడు. ముల్లు పిచ్చెక్కినట్టు తిరిగింది. వాచీ లోపల చుట్టలు చుట్టలుగా ఒక సన్నటి స్ప్రింగు ఉంటుందట. అయస్కాంతం సోకితే ఆ చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయట. అప్పుడు వాచీకి తొందర పుడుతుందట. ఇంత బాగా చెప్తే ఇంకేం కొట్లాడతాం? మిషన్‌ను తీసి ఎదుటి గోడకు మార్చాం.

గొడవ అక్కడితో అయిపోవాలి. కానీ ఆ పెద్దమనిషి, పేరు హెర్బర్ట్ సార్, మర్నాడు కూడా వచ్చాడు. "గడియారాలు ఇంకా ఉరుకుతున్నయేమో చూద్దామని." ఆ మర్నాడూ వచ్చాడు.

ఉజ్వల నా చెవిలో అంది. "ఆంటీ, ఆయన గడియారాలు ఆయన దుకాణంల ఉన్నయి. మరి చూసుడు గీడికెందుకొస్తుండు?"

"నాకేం తెలుసు బిడ్డా. పెద్దాయన, తొవ్వ తప్పిండేమో."

"పక్క దుకాణానికి తొవ్వ తప్పుతరా?"

"నువ్వు నీ లాకెట్లు చూస్కో."

అన్నాను గానీ, మర్నాడు ముఖానికి పౌడర్ కొంచెం ఎక్కువే రాసుకున్నాను. నా రంగుకు అది గోడకు సున్నం వేసినట్టుంది. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ సిగ్గనిపించింది.

ఒక్కటే బాధ. మాటకు ముందొక సిస్టర్, వెనకొక సిస్టర్. వాళ్ల చర్చిలో అందరినీ అలాగే పిలుస్తారని తెలుసు. అయినా పౌడర్ రాసుకొచ్చిన మనిషిని సిస్టర్ అంటే ఎలా ఉంటుంది?

వానలు మొదలైన వారంలో ఆయన ఒక రేకు డబ్బాతో వచ్చాడు. ముఖంలో ఎప్పటి నవ్వు లేదు.

"దుకాణం ఖాళీ చేస్తున్న. మా జిప్పోరా ఒక్కతే బిడ్డ, సికింద్రాబాద్‌ల ఉంటది. ఒక్కడివే ఎందుకు డాడీ, మా ఇంటికొచ్చెయ్ అని రోజూ ఫోను. ఇదొక్కటే పని మిగిలింది. మెదక్ దిక్కు ఒక చిన్న చర్చిది, గోడ గడియారం. ఇది నడిస్తే నేను కూడా నడుస్త."

నేను డబ్బా అందుకున్నాను. చేతికి బరువు తెలియలేదు.

"ఇత్తడి పలకలు నల్లబడ్డయి, మీ సూదుల్లో వెయ్యండి. అడుగున పొట్లంల స్క్రూలున్నయి, అవి స్టీలువి. తీసేసి వెయ్యండి. జాగ్రత్త, నర్సమ్మ గారూ."

నర్సమ్మ గారూ! సిస్టర్ కాదు, నా పేరు! ఆయన వెళ్లిపోయాక కూడా నా చెవిలో అదొక్కటే తిరుగుతోంది. ముందు చెప్పిన మాటలన్నీ వానలో కొట్టుకుపోయాయి. మూత తీశాను, డబ్బా మొత్తం గిన్నెలో బోర్లించాను, స్విచ్ వేశాను. పొట్లం కాగితం తడిసి పైకి తేలాక గానీ నేనేం చేశానో నాకు అర్థం కాలేదు. ఊరంతటికీ వేలు ఊపి చెప్పిన మనిషిని!

హెర్బర్ట్ సార్ వచ్చి గిన్నెలోకి చూశాడు. పలకలు బంగారంలా ఉన్నాయి. సన్నసన్న స్క్రూలు మాత్రం సూదుల గుంపులో పడి జాడ లేవు.

"మాగ్నెట్ పెట్టి తీద్దామా?" అన్నాను.

"పెడితే సూదులు కూడా వస్తయి. అన్నీ స్టీలే గదా."

"అయితే నాకొచ్చిన పని ఒక్కటే ఉన్నది సార్" అని, చేటలో తెల్లగుడ్డ పరిచి, సూదులు ఆరబోసి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు మొదలుపెట్టాను. ఆయన భూతద్దం కంటికి దించుకుని ఎదురుగా కూర్చున్నాడు.

ఇప్పుడు వాన. కిటికీ బయట ఆబిడ్స్ రోడ్డు మీద ఆటోలు పడవల్లా పోతున్నాయి. చేట మీద మా రెండు తలలూ దగ్గరగా ఉన్నాయి. ఆయన దగ్గర కొబ్బరినూనె, మిషన్ నూనె కలిసిన వాసన.

"మా ఇంటామె బెత్సీ పోయినంక వంట నేర్చుకున్న" అన్నాడు. "గుడ్డు ఒక్కటే మంచిగొచ్చింది."

"మా ఆయన పోయినంక నేను చదువు నేర్చుకున్న. సంతకం ఒక్కటే మంచిగొచ్చింది."

"అయితే నేను గుడ్డు ఉడకబెడత, మీరు సంతకం చెయ్యండి."

"గుడ్డు మీదనా?"

ఇద్దరం ఎంత నవ్వామంటే చేట కదిలి, ఏరిన స్క్రూలు మళ్లీ సూదుల్లో కలిశాయి. మళ్లీ మొదటినుంచి.

మధ్యాహ్నాలన్నీ అదే పని. ఒక్కొక్కటే దొరుకుతూ వచ్చాయి. చివరిది నా గోటి కింద తగిలింది. ఆయన కిటికీలోంచి వాన చూస్తున్నాడు. ఇది చేతిలో పెడితే గడియారం అయిపోతుంది. గడియారం అయిపోతే మనిషి వెళ్లిపోతాడు.

నా చెయ్యి నన్నడగలేదు. స్క్రూను కొంగు చివర పెట్టి ముడి వేసింది.

"దొరకలేదు సార్" అన్నాను.

"ఫికర్ లేదు. రేపు దేవులాడుదాం."

ఈ వయసులో దొంగతనం, అదీ చర్చి సొమ్ము! ఇంటికి పోతూ నాంపల్లిలో గుడి ముందు ఆగి దండం పెట్టబోయి, కొంగున ముడి గుర్తొచ్చి, తల వంచుకుని నడిచాను. స్క్రూ దొంగలను ఏ దేవుడైనా ఒకేలా చూస్తాడని నా అనుమానం.

మర్నాడు మళ్లీ వెతికాం. ఆ తర్వాతా వెతికాం. లేని స్క్రూ కోసం అంత శ్రద్ధగా వెతికే మనిషిని చూస్తే పాపం అనిపించేది, సంతోషంగానూ ఉండేది.

"ఆంటీ" అంది ఉజ్వల, "ఆ సూదులకు మెరుగు పెట్టుడు అయ్యిందా? నాకు జర వెండి పని ఉన్నది."

చివరికి జిప్పోరా తండ్రిని తీసుకుపోయే రోజు ఖాయం చేసింది. సామాను మోయడానికి బండి కావాలంటే నా కొడుకు ఎల్లేష్‌కు టెంపో ఉందని నేనే చెప్పాను. ఆయన్ను పంపించడానికి బండి కూడా నా ఇంటినుంచే! నా తెలివికి ఇంకేం సాక్ష్యం కావాలి?

ఆ రోజు పొద్దున ఆయన దుకాణం గుమ్మంలో నిలబడ్డాను. ఎల్లేష్ డబ్బాలు దించుతున్నాడు. గడియారం మీద గుడ్డ కప్పి ఉంది. జిప్పోరా, ముప్పై దాటిన చురుకైన పిల్ల, తండ్రి మీద విసుక్కుంటోంది.

"ఒక్క స్క్రూ కోసం ఇన్ని రోజులా డాడీ? పాస్టర్ గారు నాకు ఫోన్ చేసి, మీ నాన్నకు చేతకాకపోతే చెప్పమను, ఇంకొకరికి ఇస్తం అన్నడు. నాకెంత తలకొట్టేసినట్టయ్యిందో తెలుసా?"

హెర్బర్ట్ సార్ కూర్చుని భూతద్దం తుడుచుకుంటున్నాడు. ఆయనకు చేతకాలేదట! నాకింక నిలబడబుద్ధి కాలేదు. కొంగు ముడి విప్పాను. ఆ ముడి ఎంతకీ రాలేదు. పంటితో లాగాను. పెద్దరికం అక్కడే పోయింది.

"సారుకు చేతగాక కాదు బిడ్డా. స్క్రూ నా కాడ ఉన్నది. నేనే దాచిన."

"ఎందుకు ఆంటీ?"

"గడియారం అయిపోతే మీ నాయన పోతడని."

ఎల్లేష్ డబ్బా ఎత్తుకుని మెట్ల దగ్గరే ఆగిపోయాడు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. రెండో అంతస్తులో నేల చీలితే కింద చెప్పుల దుకాణంలో పడతానని కూడా అనిపించింది.

హెర్బర్ట్ సార్ లేచి బల్ల సొరుగు లాగాడు. సొరుగు నిండా స్క్రూలు. అన్నీ అలాంటివే.

"నలభై ఏండ్ల సంది గడియారాలు విప్పుతున్న నర్సమ్మ గారూ. గసొంటి స్క్రూ ఒకటి నా దగ్గర ఉండదా?"

గడియారం మీది గుడ్డ తీశాడు. అన్ని పలకలూ బిగించి, అద్దం తుడిచి, ముస్తాబుగా ఉంది. లోలకాన్ని వేలితో తోశాడు. టిక్కు టిక్కున నడిచింది.

"ఎప్పుడైపోయింది?" అన్నాను.

"ఎప్పుడో. గోడవతల మీ చెప్పుల చప్పుడు అయితే ఆపుతున్న, మీకు ఇనబడొద్దని."

జిప్పోరా తండ్రి వంక, నా వంక, నా నోట్లోంచి ఇంకా పూర్తిగా బయటికి రాని కొంగు వంక చూసింది.

"డాడీ! మీరిద్దరు కలిసి చర్చి గడియారాన్ని ఆపిన్రా?"

"ఔ బిడ్డా."

"మరి ముందే ఒక మాట చెప్తే ఏమైతుండే? పాస్టర్ గారితో తిట్లు నాకు తప్పుతుండె గదా!" అని కోపంగా మొదలుపెట్టి, సగంలోనే నవ్వేసి, నా పక్కకొచ్చి చెయ్యి పట్టుకుంది. "ఆంటీ, డాడీ ఫోన్‌ల రోజూ మిషన్ గురించి చెప్తుండె. సూదులు గట్ల ఎగురుతయి, గిట్ల ఎగురుతయి అని. ఆ మిషన్ వెనక మీరున్నరని నాకెట్ల తెలుస్తది?"

అందరం ఎల్లేష్ వైపు తిరిగాం. వాడు డబ్బాను భుజం మార్చుకున్నాడు. నన్ను కాసేపు చూశాడు. చిన్నప్పుడు జ్వరం వస్తే నేను వాణ్ని చూసినట్టు చూశాడు.

"అమ్మా, నేనొకటి అడగాలె."

"అడుగు బిడ్డా."

"ఈ సామాన్ కిందికి తీస్కపోవాల్నా, గీడనే పెట్టాల్నా? భుజం గుంజుతుంది."

హెర్బర్ట్ సార్ నా మాట కోసం ఆగాడు. గడియారం ఒక్కటే ఆగలేదు.

"గీడనే పెట్టు" అన్నాను.

— రాసింది లక్ష్మీనర్సమ్మ. వయసు యాభై ఎనిమిది. ఇప్పుడు ఉండేది గన్‌ఫౌండ్రీలో, హెర్బర్ట్ గారి ఇంట్లో. గోడకు ఒకవైపు ఆయన ప్రార్థన, ఇంకోవైపు నా దీపం. గుడ్లు ఆయనే ఉడకబెడతారు.